చెరుకు బండెక్కిన మా లింగవ్వ వదిన

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. లింగవ్వ వదిన పోయింది అన్నారు.

ఎవరు పోయారని మళ్ళీ అడిగాను. వినపడక కాదు.

మా పెద్దన్న భార్య ఆమె. నాకు చదువు అంతంత మాత్రమే. తప్పులుంటే సర్దుకొని చదవండి.

మీరిప్పుడు టెన్షన్, యాంగ్జైటీ అంటున్నారు. మా కాలంలో దానికి పేరు లేదు. నాకు మాత్రం అది ఉండేది.

డెబ్బైల మొదట్లో, బోధన్ పక్కన మా ఊర్లో, ఒక మధ్యాహ్నం మా చెరుకు తోట అంటుకుంది. సగం బూడిదైంది.

అప్పటి నుండి ఎక్కడున్నా నాకు పొగ వాసనే.

మిగిలిన చెరుకు నరికి, బండికెత్తి చక్కెర ఫ్యాక్టరీకి బయలుదేరేవాణ్ణి. ఊరు దాటగానే గుండె దడ. తోట మళ్ళీ అంటుకుంది, పోయి చూడు అని లోపల ఒకటే పోరు. బండి వెనక్కి మలిపేవాణ్ణి.

పోయి చూస్తే తోట పచ్చగా నిలబడి ఉండేది.

తిరిగి వెళ్ళేసరికి గేటు దగ్గర మా వంతు పోయేది. నరికిన చెరుకు ఎండలో ఎండి తూకం తగ్గేది.

కోడెలను లొంగదీసినవాణ్ణి. నాతో కుస్తీకి ఊర్లో ఎవడూ దిగేవాడు కాదు. అలాంటి నన్ను చూసి ఎదురు బండ్లవాళ్ళు నవ్వేవారు.

"ఏం నర్సన్నా, మల్ల ఎనుకకేనా? పొయ్యి మీద పాలు వెట్టొచ్చినవా?"

అమ్మ తాయెత్తు కట్టించింది. దాంతో ఏమీ తగ్గలేదు.

అన్న ఒకటే మాట అన్నాడు. "ఇంకోపారి బండి మలుపు, ఎడ్లను అమ్ముత. కూలికి పో."

మర్నాడు వదిన ఎవరినీ అడగకుండా బండెక్కి చెరుకు మీద కూర్చుంది. ఇంటి కోడలు చెరుకు బండి మీద ఫ్యాక్టరీకి పోవడం మా దగ్గర లేదు. ఊరంతా చూసింది.

కాలువ వంతెన దగ్గర నాకు చెమటలు పట్టాయి. పగ్గం లాగాను.

"ఏమైందిరా?"

"పొగ వాసనొస్తుంది వదినా."

"రానీ."

"తోట అంటుకున్నదేమో."

"అంటుకుంటే ఊరోళ్ళు లేరా? నువ్వు వోయి ఊది ఆర్పుతవా? భయమైతే కానియ్యి. ఎడ్లను మాత్రం మలపకు."

భయం పోలేదు. చేతులు వణుకుతూనే ఉన్నాయి. బండి మాత్రం ముందుకే పోయింది.

గేటు దాకా ఆమె గడ ఒకటి విరిచి నములుతూ కూర్చుంది. ఆ చప్పుడు వింటూ తోలాను.

ఆ సీజనంతా నాతో వచ్చింది. ఎడ్లు మా దగ్గరే ఉన్నాయి.

పోయిన నెల నిజామాబాద్ వెళ్ళి చూశాను. మంచానికి అతుక్కుపోయి ఉంది. "నా భయం నువ్వే దాటించినవు వదినా" అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు.

నవ్వింది.

"నీ కోసం ఎక్కిననుకున్నవా పిలగా? ఆనాడు మంటను ముందుగాల సూసింది నేను. అటెన్క ఇంట్ల ఒక్కదాన్ని కూసుంటే పానం నిలువకపోయేది. అందుకే ఎక్కిన."

"మరి నాకెందుకు చెప్పకపోతివి?"

"నీ చేతులు గట్ల వణుకుతుంటే నేనేం జెప్పాలె."

"ఇప్పుడు ఆ భయం తగ్గిందా?"

ఆమె కిటికీ వైపు చూసింది.

నిన్నటి నుండి నాకు నిద్ర లేదు.

ఆమె నాతో వచ్చిన ఏడాది గడిచి, మరుసటి సీజన్ మొదటి బండి కట్టిన పొద్దు అది. ఆమె అప్పటికే ఎక్కి కూర్చుంది. నేను మీసం దువ్వి, "ఇగ నేనొక్కణ్ణే పోత, నువ్వు ఇంట్ల ఉండు వదినా" అన్నాను.

సరే అని దిగింది.

ఆ దిగడమే కళ్ళ ముందు ఉంది.

పోయి రా వదినా. ఇకనైనా నీ ప్రాణానికి నిమ్మళం దొరకాలి.