మాడిన జామాయిల్ మొదళ్లు

మొన్న మోత్కూర్ గ్రంథాలయంలో కొత్తగా వచ్చిన పుస్తకం ఒకటి చదువుతుంటే తెల్లని పుట మధ్యలో ఆవగింజలో సగం కూడా లేని నల్లని చుక్క కనిపించింది. సిరా మరకనుకొని గోటితో గీకి చూశాను గానీ పోలేదు, అది కాగితంలోనే కలిసిపోయి ఉంది. ఆ చుక్కను చూస్తూ చదువు ఆపేశాను. తెలంగాణ వచ్చిన కొత్తలో మా అన్నతో కలిసి కట్టె లారీలో కాగితం మిల్లుకు పోయిన రోజు గుర్తుకొచ్చింది.

బడి చదువు నాకు పదో తరగతితోనే ఆగింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా గ్రంథాలయం బల్ల దగ్గర కూర్చొని నేర్చుకున్నదే, ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ గర్వమే. చదివింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే తోచేది కాదు, ఇంట్లో వినేవాళ్లు మాత్రం తక్కువ. సేద్యమంతా చూసుకునే అన్నకైతే నా పుస్తకాలంటే నవ్వులాట. "ఏమంటాందిర నీ పుస్తకం, ఇయ్యాల వాన పడతదంటనా?" అని పదిమందిలో ఆట పట్టించేవాడు.

ఆముదాలు కూడా సరిగా పండని మా రాళ్ల చెలకలో అన్న జామాయిల్ పెట్టాడు. కొందరు దాన్నే నీలగిరి అంటారు. మిల్లువాళ్లు కొంటారన్న ధీమాతో కొన్నేళ్లు ఓపిక పట్టి, చెట్లు చేతికొచ్చాక, మా దిక్కున ఏ చెలకలోనైనా చేసే పనే చేశాడు. కొట్టేవాళ్లకు పాముల భయం ఉండొద్దని ఎండిన గడ్డికి నిప్పు పెట్టాడు. జామాయిల్ ఆకులో నూనె ఉంటుంది కదా, రాలిన ఆకులంటుకొని మంట మోకాలెత్తు లేచి మొదళ్లను మాడ్చింది. మిల్లుకు పంపే కట్టెకు బెరడు ఒలవాలి. పచ్చి చెట్టుదైతే పట్టి లాగితే ఊడివస్తుంది, మాడిన చోట మాత్రం కట్టెకు అతుక్కుపోయింది. కూలీలు అక్కడ ఒలవకుండానే లారీకెత్తారు.

మిల్లు గోదావరి దిక్కున ఉంది. దారి పొడుగునా నేను అన్నకు కాగితం సంగతి చెబుతూనే ఉన్నాను. కట్టెను చిన్న చిన్న ముక్కలుగా కొట్టి, పెద్ద పెద్ద బానల్లో కాస్టిక్ సోడాతో ఉడకబెడతారనీ, నారను పట్టి ఉంచే జిగురు అందులో కరిగిపోతుందనీ, మిగిలిన గుజ్జును కడిగి, తెల్లగా చేసి, జల్లెడ మీద పరిచి, వేడి రోలర్ల మధ్య ఆరబెడతారనీ. అన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, విన్నది డ్రైవరే అనుకున్నాను.

గేటు దగ్గర తనిఖీ చేసే ఆయన మొదళ్లు చూసి, మాడిన కట్టె వద్దు, వాపసు తీసుకుపొమ్మన్నాడు.

"గదేంది సారూ, కట్టె కట్టెనే కద! లోపట ఎట్లనో ఉడకబెడ్తరట, తెల్లగ చేస్తరట, మా తమ్ముడు చెప్పిండు" అన్నాడు అన్న.

విననే లేదనుకున్న మనిషి నా మాటలే తీసుకొని కొట్లాడుతుంటే నాకు సంతోషం వేసింది, నా సగం మాటలు నమ్మి నష్టపోతాడేమోనని మరుక్షణమే భయమూ వేసింది. మాడినంత మేర కోసేస్తే తీసుకుంటామని తనిఖీ ఆయన అంటే, డబ్బులిచ్చేది తూకానికి, చెట్టుకు బరువంతా మొదలు దగ్గరే కదా, ఇదేదో మోసమని అన్న లారీ తిప్పమన్నాడు. తిప్పితే ఆ కట్టె వంటచెరకు కిందే పోవాలి, అన్ని ఏళ్ల ఓపికా దానితోపాటే.

అన్నను చెట్టు నీడకు తీసుకుపోయాను. పుస్తకం మాటలన్నీ పక్కన పెట్టి, "అన్నా, ఉడికే అన్నంల బొగ్గు పడ్డదనుకో, ఎంతసేపు ఉడికినా మెత్తగైతదా? కడిగితే తెల్లగైతదా? జిగురు కరుగుతది గని బొగ్గు కరగది. కాగితం నిండ నల్ల చుక్కలొస్తయి" అన్నాను.

అన్న లారీలోని మాడిన మొదళ్ల దిక్కు చూశాడు. "నీకు ఎర్కేనా, ఊకెనే అంటున్నవా?" అన్నాడు. ఎర్కే అన్నాను. తువ్వాల తలకు చుట్టుకొని డ్రైవర్‌ను గొడ్డలి అడిగాడు.

పొద్దు వాలేదాకా మొదళ్లు నరికాం. మిగిలిన కట్టె గేటు దాటింది. మా అవస్థ చూసిన తనిఖీ ఆయనే జాలిపడి మమ్మల్ని లోపలికి తీసుకుపోయాడు. పుస్తకంలో రాయని వాసన, కుళ్లిన గుడ్ల వాసన, అక్కడ ముక్కు బద్దలు కొట్టింది. యంత్రం చివర చుట్టుకుంటున్న కాగితం నుంచి ఒక ముక్క చించి ఇస్తే అన్న దాన్ని చెంపకు ఆనించుకున్నాడు.

"యెచ్చగున్నదిర, జొన్నరొట్టె లెక్క" అన్నాడు.

ఇప్పుడు ఆ చెలకకు నీళ్లొచ్చాయి. జామాయిల్ మోళ్లను పెకిలించి వరి వేశాం, పంట బాగుంది. ఆకు మీద మచ్చ కనిపిస్తే అన్న ఫోన్‌తో ఫొటో తీస్తాడు, ఏం కొట్టాలో అదే చెబుతుంది, చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది. నేను గట్టు మీద కూర్చొని ఆ మచ్చ సంగతి ఏ పుస్తకంలో చదివానో గుర్తుచేసుకునేలోపే ఆయన లేచి మందు తేవడానికి పోతాడు. నీకు ఎర్కేనా అని నన్ను అడిగేవాళ్లు లేరు.