బావ పొగిడిన కీబోర్డు

నేను ఆడిన ఆటను ఇంకొకరు తమదిగా చెప్పుకోవడం మొదటిసారి చూసింది మా షాపులోనే. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి ఒక పెళ్ళి కార్డు ప్రూఫు దిద్దుతున్నాను. పక్క కుర్చీలో ఉన్న షాపు యజమాని తన ఫోను నా వైపు తిప్పాడు.

"అమ్మా, మీ బావ కొత్త వీడియో పెట్టినాడు, చూసినావా? ఏదో కీబోర్డంట. ఆట మాత్రం ఇరగదీసినాడు."

బోగోలు బజారులో చిన్న డీటీపీ షాపు అది. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు, మండలాఫీసులో ఇచ్చే అర్జీలు, అన్నీ నేనే కొడతాను. మా ఇల్లు సముద్రం ఒడ్డున పల్లెలో. నాన్న పడవ మీద వేటకు పోతాడు, అమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. బావ మా మేనత్త కొడుకు. నెల్లూరులో ఉంటాడు. కీబోర్డులు, మౌసులు, ఇయర్‌ఫోన్లు తెప్పించుకుని, అవి కొనొచ్చో కొనకూడదో చెప్పే యూట్యూబ్ చానలు నడుపుతాడు. మా చుట్టాల్లో ఎవరింటికి పోయినా అతని కబుర్లే.

ఫోను అందుకుని చూశాను. నల్లటి కీబోర్డు, కింద నుంచి రంగురంగుల లైట్లు. "తక్కువ ధరలో వైరున్న మెకానికల్ కీబోర్డు కావాలంటే కళ్ళు మూసుకుని ఇది కొనండి. గేములకీ ఇదే, రోజువారీ పనికీ ఇదే. దీంతో నేను ఆడిన మ్యాచ్ ఒకటి చూపిస్తా," అన్నాడు బావ. తెర మీద పాడుబడిన గోదాము, పొగ, తుపాకీ పట్టుకున్న చేతులు కనిపించాయి.

ఆ మ్యాచ్ నాది.

అది జట్లుగా చేరి కాల్చుకునే ఆట. ఆ రోజు మా ఇంటి కంప్యూటరు మీద ఆడుతుంటే, నా జట్టులో నేనొక్కదాన్నే మిగిలాను, అవతల నలుగురున్నారు. మెట్ల కింద ఒకణ్ణి కొట్టి, తలుపు దాకా పరుగెత్తి, అక్కడ గోడకేసి చూస్తూ ఊరికే నిలబడిపోయాను. ఆ ఆటలో ఎవరూ అలా నిలబడరు, నిలబడితే చచ్చినట్టే. బయట వాన మొదలై అమ్మ కేకేస్తే తల తిప్పాను, అందుకే ఆగాను. వెంటనే తేరుకుని మిగతా ముగ్గుర్నీ కొట్టేశాను. బావ వీడియోలో కూడా ఆ మనిషి అదే తలుపు దగ్గర, అదే గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. తెర పైభాగంలో, ఆటలో నేను పెట్టుకున్న పేరు ఉండాల్సిన చోట చానలు బొమ్మ అతికించి ఉంది.

ఆ మ్యాచ్ రికార్డు చేసి అతనికి పంపింది నేనే. ఆట ఎలా ఉందో చెప్పమని, కొత్త కీబోర్డు ఏది కొనాలో చెప్పమని అడిగి, నా పాత కీబోర్డు ఫొటో కూడా పంపాను. అతను అసలు ఫైలు కావాలంటే అదీ పంపాను. ఆ తర్వాత జవాబు రాలేదు. పనుల్లో ఉన్నాడేమో అనుకున్నాను.

వీడియో చివర్లో నా ఫొటో కూడా వచ్చింది. అక్షరాలు అరిగిపోయిన నా రబ్బరు కీబోర్డు. "మా చుట్టాల్లో ఇంకా ఇట్టాంటి వాటితో కుస్తీ పడేవాళ్ళుండారు. దీంతో పెళ్ళి కార్డులు కొట్టుకోవచ్చు, గేములాడలేరు," అన్నాడు. వెనకాల నవ్వుల చప్పుడు పెట్టాడు. అతను చూపించి మురిసిపోయిన ఆ మ్యాచ్ ఆడింది ఆ కీబోర్డు మీదే.

షాపు బయటికి వచ్చి ఫోను చేశాను.

"బావా, అది నా ఆట."

"ఏది మరదలా?"

"కీబోర్డు వీడియోలోది. నేను నీకు పంపిందే కదా."

"ఓ అదా." నవ్వాడు. "ఎవరాడితే ఏముంది, ఇంటి ఆటే కదా. ఆ కీబోర్డు పార్సిలు లేటుగా వచ్చినాది, ఆడేదానికి టైము లేదు. అయినా నువ్వాడినావంటే ఎవడు నమ్ముతాడు చెప్పు? ఆడపిల్లవి, బోగోల్లో కూర్చోని."

"నా పేరైనా చెప్పొచ్చు కదా."

"చెప్పి? నీకేమన్నా చానలుందా?"

నేను ఫోను పెట్టేశాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. లోపలికి వచ్చి పెళ్ళి కార్డు పూర్తి చేశాను. అందులో తప్పులు దొర్లితే పెళ్ళికొడుకు తరఫువాళ్ళు వచ్చి గొడవ చేశారు.

జీతం రాగానే బావ పొగిడిన కీబోర్డే తెప్పించాను. నా ఉద్దేశం ఒక్కటే. దానిలో లోపాలన్నీ వెతకాలి, అది చెత్తదని లోకానికి చెప్పాలి, కళ్ళు మూసుకుని కొనమన్నవాడి పరువు తీయాలి. పెట్టె విప్పుతున్నప్పుడే అది విరిగిపోయి ఉంటే బాగుండునని కోరుకున్నాను. విరగలేదు. చేతికి బరువుగా, గట్టిగా ఉంది. వైరుకు నూలు అల్లిక ఉంది. అదొక్కటీ మొండిగా వంకర్లు తిరిగి టేబుల్ మీద సరిగా పడుకోలేదు. సంతోషంగా దాన్ని మొదటి లోపం కింద లెక్కేసుకున్నాను.

మెకానికల్ కీబోర్డులో ప్రతి కీ కింద దానిదైన స్విచ్, స్ప్రింగు ఉంటాయి. ఇందులోవి నొక్కినప్పుడల్లా టిక్కుమనే రకం. మొదటి సాయంత్రం ఆట మొదలుపెట్టగానే అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"ఏందే ఆ టకటక? పెనం మీద రొయ్యలు ఏగతన్నట్టు."

"కొత్త కీబోర్డు."

"పాతది నోరు మూసుకోని ఉండె కదా!"

రెండో లోపం దొరికింది. పగలు దాన్ని షాపుకు తీసుకుపోయి తెలుగు అర్జీలు కొట్టాను. పక్క బట్టల కొట్టతను కుట్టు మిషను పెట్టారా అని అడిగాడని యజమాని చెప్పాడు. స్పేస్ బారు ఒక పక్క వదులుగా ఊగుతూ గలగలమంటోంది. లైట్లు ఎంత తగ్గించినా కళ్ళలో కొడుతున్నాయి. ఇవన్నీ నాకు పండగే.

కాని వేళ్ళు నా మాట వినలేదు. సాయంత్రమయ్యేసరికి పాత కీబోర్డు మీద లాగేసే మణికట్టు లాగలేదు. ప్రతి కీ తాను పలికానని వేలికి చెబుతోంది, ఒత్తుల దగ్గర తప్పులు తగ్గాయి. ఆటలో అయితే మరీ. నా పాత కీబోర్డు, ఒకేసారి రెండు కీలు నొక్కి ఉండగా మూడోది నొక్కితే మింగేసేది. పక్కకు పరుగెడుతూ వంగడం, దూకడం కుదిరేది కాదు. ఆ అవిటితనానికి తగ్గట్టుగానే నేను ఆట నేర్చుకున్నాను. ఇది అలా కాదు, అరచెయ్యి మొత్తం పెట్టినా అన్ని కీలనూ పట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. నా శత్రువు మెచ్చిన వస్తువు బాగుండటమేమిటి?

ఇక ఉప్పుగాలిని నమ్ముకున్నాను. మా ఇంట్లో ఇనుప వస్తువు ఎక్కువకాలం నిలవదు, తలుపు గొళ్ళేలు కూడా పొరలు పొరలుగా రాలిపోతాయి. సముద్రం వైపు కిటికీలో దాన్ని వదిలేశాను. ఆ వానలూ గాలులూ పోయేదాకా అక్కడే ఉంచాను. దుమ్ము, సన్నటి ఇసుక, అమ్మ ఎండబెట్టిన చేపల పొట్టు, అన్నీ పడ్డాయి. అడుగున స్క్రూలు గోధుమరంగుకు తిరగగానే గుండె ఉప్పొంగింది. తెచ్చి కంప్యూటరుకు తగిలించాను. అన్ని కీలూ పలికాయి.

శుభ్రం చేద్దామని, పెట్టెతో పాటు వచ్చిన తీగ పటకారుతో కీల మీది ప్లాస్టిక్ ముక్కలు లాగుతున్నప్పుడు బావ మాట గుర్తొచ్చింది. "స్విచ్ పాడైతే భయం లేదు, ఇంట్లోనే లాగేసి కొత్తది పెట్టుకోవచ్చు," అన్నాడు వీడియోలో. ఒక స్విచ్ లాగాను. రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. స్క్రూలు విప్పి అడుగు భాగం చూస్తే, ప్రతి స్విచ్ కాళ్ళకూ టంకం పోసి బోర్డుకు అంటించేశారు. ఊడే ప్రశ్నే లేదు. పెట్టె మీద కూడా ఊడుతుందని ఎక్కడా లేదు. అతను దాని మీద ఆడకపోవడం ఒక్కటే కాదు, ఒక్క స్విచ్ కూడా లాగి చూడలేదు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ పాపం కీబోర్డును హింస పెట్టాను. నా పగ తీర్చుకోవలసింది దాని మీద కాదు.

అవకాశం దానంతటదే వచ్చింది. నెల్లూరులో కొత్త గేమింగ్ సెంటరు తెరుస్తున్నారని, తాను ముఖ్య అతిథినని, ఎవరైనా వచ్చి తనతో ముఖాముఖి తలపడవచ్చని బావ చానల్లో ప్రకటించాడు. ఎండుచేపలు ఇచ్చి రావలసిన పని ఉండి అమ్మ కూడా బయల్దేరింది. బిట్రగుంటలో రైలెక్కాము. కీబోర్డును పాత చీర ముక్కలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను.

సెంటరు నిండా కుర్రాళ్ళు. ఆట అందరికీ కనిపించేలా గోడ మీద పెద్ద తెర పెట్టారు. బావ నన్ను చూసి మొదట తెల్లబోయాడు, వెంటనే మైకు అందుకున్నాడు. "మా మరదలు వచ్చినాది! పెళ్ళి కార్డులు కొట్టీ కొట్టీ వేళ్ళు బాగా తిరుగుతాయి, నేను జాగ్రత్తగా ఉండాల." అందరూ నవ్వారు. నేను చీర ముక్క విప్పి నా కీబోర్డు తగిలించుకున్నాను. అతని ముందున్నది మాత్రం వేరే ఖరీదైన కీబోర్డు. జనాన్ని కళ్ళు మూసుకుని కొనమన్నది కాదు.

గెలవడం నాకు సరిపోదు. ఎవరి చేతిలో పోతున్నాడో అతనికి తెలియాలి. అందుకని వెనక నుంచి కొట్టే వీలున్నప్పుడు కూడా కొట్టలేదు. ఎదురుగా వెళ్ళి, నన్ను చూసి తుపాకీ ఎత్తేదాకా ఆగి, అప్పుడు కొట్టాను. ప్రతిసారీ అంతే. మొదట్లో నవ్విన కుర్రాళ్ళు కాసేపటికి కుర్చీలు వదిలి నా వెనక్కి వచ్చి నిలబడ్డారు. ఆట అయ్యేసరికి బావ ఒక్కసారి కూడా నన్ను పడగొట్టలేకపోయాడు.

సెంటరు యజమాని మైకు నా దగ్గర పెట్టి, "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాడు.

"మా ఇంట్లోనే అన్నా. నా ఆట బావకి ముందే తెలుసు. తన వీడియోలో పెట్టుకున్నాడు కూడా. అసలుది నా పెన్ డ్రైవులో ఉంది, ఒక్కసారి వేస్తారా?"

ఆయన బావ వైపు చూశాడు. బావ చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఏయన్నా, ఏయన్నా!" అని కుర్రాళ్ళు అరిచారు. వేశాడు.

గోదాము వచ్చింది, పైన నా ఆట పేరు వచ్చింది. బావ వీడియోలో పాట పెట్టి కప్పేసిన శబ్దం, నా మైకు పట్టినదంతా, ఇందులో ఉంది. ఆ మనిషి తలుపు దగ్గరికి చేరీ చేరగానే స్పీకర్లలోంచి మా అమ్మ గొంతు హాలంతా మోగింది. "ఏమ్మే! వానొస్తండాది, చేపలు తడస్తాయి, లేసి రామ్మే!"

ఒక్కసారిగా నవ్వులు. గోడవారన ఎండుచేపల గంప పక్కనే కూర్చున్న అమ్మ లేచి నిలబడింది. "ఆ, నేనే పిలిచింది. ఎంత అరిచినా రాలా. ఆ పొద్దు చేపలన్నీ తడిసినాయి!"

అక్కడితో ఆపి ఉండొచ్చు. నాకు ఆపాలనిపించలేదు. తీగ పటకారు అతని చేతిలో పెట్టి, నా కీబోర్డు ముందుకు జరిపాను.

"స్విచ్ ఎలా ఊడదీయాలో వీళ్ళకి చూపించు బావా. వీడియోలో చెప్పినావు కదా."

అంతమంది ముందు కాదనలేక లాగాడు. పైముక్క ఎగిరి కింద పడింది, స్విచ్ కదల్లేదు. "ఇంకొంచెం గట్టిగా లాగు బావా," అన్నాను వీలైనంత తియ్యగా. వెనకాల ఎవరో ఈల వేశారు. అతను పటకారు టేబుల్ మీద పడేసి బయటికి వెళ్ళిపోయాడు. ఆ నడక చూస్తుంటే నాకు కలిగిన ఆనందం దాచుకోవలసిందని ఆరోజూ అనిపించలేదు, ఈరోజూ అనిపించడం లేదు.

తిరుగు ప్రయాణంలో రైలు కొడవలూరు దాటేసరికి ఆ కీబోర్డు వీడియో బావ చానల్లోంచి మాయమైంది. క్షమించమని లేదు, ఆట ఎవరిదో చెప్పలేదు. అది నన్ను ఇంకా మండించింది. చూసిన వేలమందికి ఆ ఆట అతనిదేగా! తుడిచేస్తే వాళ్ళకి నిజం ఎలా తెలుస్తుంది?

మర్నాడే షాపులో, యజమాని ఫోను పట్టుకుంటే, నా వీడియో నేను చేశాను. వైరు మొండిదని, చప్పుడు ఎక్కువని, స్పేస్ బారు గలగలమంటుందని, స్విచ్‌లు ఊడవని చెప్పాను. ఉప్పుగాలికి తట్టుకుందని, రోజంతా తెలుగు కొట్టినా చెయ్యి నొప్పి పుట్టలేదని, ఇంత తక్కువలో ఇలాంటిది దొరకడం కష్టమని కూడా చెప్పాను. ఆ మాటలంటున్నప్పుడు నోరు చేదైంది కాని, అబద్ధం ఆడితే నాకూ బావకీ తేడా ఉండదు. చివర్లో ఆ మ్యాచ్ మొత్తం పెట్టాను, అమ్మ కేకతో సహా.

వారం తిరక్కుండా మేనత్త మా ఇంటికి వచ్చింది. గడప దాటకుండానే మొదలుపెట్టింది. "సొంత మేనబావని నలుగుర్లో నవ్వులపాలు చేస్తావా? ఆ వీడియో తీసెయ్. ఆడికి కంపెనీలోళ్ళు సామాన్లు పంపడం మానేసినారు."

"ఆ ఆట నాదని తన చానల్లో, తన నోటితో చెప్పమను అత్తా. చెప్పిన రోజు తీసేస్తా."

"చెప్తే ఆడి పరువేం గావాల?"

నాన్న వల బాగుచేస్తూ తల ఎత్తలేదు. అమ్మ మాత్రం మంచినీళ్ళ చెంబు తెచ్చి అత్త చేతికిచ్చింది. "తాగు వదినా. పిల్ల అడిగింది ఒక్క మాటే కదా," అంది.

అత్త చెంబు ముట్టకుండానే వెళ్ళిపోయింది. బావ ఈమధ్య మళ్ళీ కొత్త వీడియోలు పెడుతున్నాడు, గేములు లేకుండా. ఇద్దరం కలిసి ఒకటి చేద్దామని నాన్న చేత కబురు కూడా పంపాడు. నా షరతు మారలేదని చెప్పించాను. అతను ఇంతవరకూ ఆ మాట చెప్పలేదు. నేను వీడియో తీసేయలేదు.