ఇసుక ఇంజను

ఆ మెకానిక్‌ను సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆయన ఇసుక మేస్త్రి. ఇళ్ళు కట్టే మేస్త్రి అనుకొని, గోడ పగిలిందని చెప్పుకోవడానికి షెడ్డుకు వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆయన పని మాత్రం పాత కార్లకు ఇంజన్లు మార్చడం. కొత్త ఇంజను ఎంచుకునే ముందు, ఖాళీ అయిన బానెట్ కింద అడ్డంగా చెక్కలు వేసి, రాబోయే ఇంజను ఎంత బరువో అంత బరువుకు ఇసుక సంచులు పేరుస్తాడు. క్లచ్ పెడల్‌కు ఆ ఇంజనుకు తగ్గ గట్టి స్ప్రింగు తగిలిస్తాడు. అప్పుడు ఆ కారు నడిపే మనిషిని సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగు తిప్పమని, గేర్లు మార్చమని, తను ఎదురుగా నిలబడి చూస్తాడు. బోల్టులు కుదరడం ఒక ఎత్తు, మనిషికి కుదరడం ఒక ఎత్తు అంటాడు. తోటి మెకానిక్కులు నవ్వుతారు. నవ్వేవాళ్ళకేం, ఎన్నయినా నవ్వుతారు. ఆయన పెట్టిన ఇంజను మళ్ళీ పీకాల్సి వచ్చిందని మాత్రం ఎవరూ వినలేదు.

అలాంటివాడు సొంత బావ కారు దగ్గర బోల్తా పడ్డాడు.

బావది రెండే సీట్ల పాత స్పోర్ట్స్ కారు, నేలకు కరుచుకున్నట్టు ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు కొన్నాడు. వీధి మలుపు తిరగకముందే దాని గర్జన వినిపించేది. మేస్త్రి చేతిలో పానా కింద పెట్టి "బావ వచ్చాడు" అనుకునేవాడు. ఇప్పుడు బావకు కంటి నరాలు దెబ్బతిన్నాయి. వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనవు. అప్పట్నుంచీ గుమ్మం దాటడం మానేశాడు. ఎవరి కారైనా ఎక్కమంటే ఎక్కడు. రోజూ ఇంటి గ్యారేజీలో తన కారులో కూర్చొని, ఇంజను స్టార్ట్ చేసుకొని ఆ చప్పుడు వింటూ ఉండేవాడు. ఒకరోజు రేడియేటర్‌లో నీళ్ళు అయిపోయాయి. వేడి ముల్లు పైకి పోవడం ఆయనకు కనబడలేదు. ఇంజను ఉడికి ఉడికి, బ్లాకు పగిలింది.

బావ భార్య, అంటే మేస్త్రి అక్క, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైంది. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి డ్రైవింగు నేర్చుకొచ్చింది. ఆయన తన కారు తప్ప ఎక్కనంటే, ఆ కారే తను నడిపి ఆయన్ను బయటికి తీసుకెళ్ళాలని ఆవిడ పట్టుదల. కారు కదలకపోతే ఆ మనిషి ఇక ఆ ఇంట్లో గోడల మధ్యే మిగిలిపోతాడు. ఆ సంగతి మేస్త్రికి తెలుసు. అదే ఆయన్ను నిద్రపోనివ్వలేదు.

అసలు ఇంజను లాంటిది ఎక్కడా దొరకలేదు. రెండే దారులు మిగిలాయి. ఒకటి ఆరు సిలిండర్ల పెద్ద ఇంజను. ముందు అడ్డకమ్మీ కొంత కోస్తే కూర్చుంటుంది, గర్జనకు లోటుండదు. రెండోది అదే కంపెనీ ఇంటివాడకం కారులోని నాలుగు సిలిండర్లది. గేర్‌బాక్సుకు బోల్టులు చక్కగా కలుస్తాయి గానీ, గొంతు చిన్నది. బావ సంగతి తెలిసిందే, పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పెద్దదే పెట్టమన్నాడు.

మేస్త్రి బావ ఇంటి గ్యారేజీలోనే సంచులు పేర్చి, స్ప్రింగు తగిలించి, బావ చెయ్యి పట్టుకొని సీట్లో కూర్చోబెట్టాడు. బావ పంటి బిగువున స్టీరింగు తిప్పాడు, క్లచ్ నేలకంటా తొక్కాడు. ఇద్దరూ చిన్నపిల్లల్లా సంబరపడ్డారు. బావ చేతికర్ర పట్టుకొని అక్క పక్కనే నిలబడి ఉంది. ఆవిడ ఇద్దరికీ కనబడలేదు. ఒకరికంటే చూపు లేదు, రెండోవాడికేమైంది?

అడ్డకమ్మీ కోయడానికి మేస్త్రి సుద్దతో గీత గీస్తుంటే, అక్క మెల్లగా అడిగింది.

"తమ్ముడూ, నన్నొకసారి కూర్చోనిస్తావా?"

మేస్త్రి నాలుక కరుచుకున్నాడు. ఏళ్ళ తరబడి పెట్టుకున్న సొంత పద్ధతిని తనే మర్చిపోయాడు. బావ మళ్ళీ ఆ కారు నడుపుకుంటూ వీధి మలుపు తిరిగి వస్తాడని తన మనసులో ఏదో మూల ఆశపడుతున్నట్టు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, దుఃఖమూ వచ్చింది.

అక్క కూర్చుంది. స్టీరింగు బెత్తెడు తిరిగి ఆగిపోయింది. క్లచ్ సగం దిగేసరికి ఆవిడ మోకాలు వణికింది. మేస్త్రి ఒక సంచి తీసి కింద పడేశాడు. ఇంకొకటి తీశాడు. ధబ్బుమన్న ప్రతిసారీ స్టూలు మీద కూర్చున్న బావ ముఖం కొంచెం కొంచెం వాడిపోయింది.

"ఎందుకురా తీస్తున్నావ్?" అన్నాడు చివరికి.

"నడిపేది అక్క కదా, బావా."

స్ప్రింగు మార్చాక, స్టీరింగు అక్క చేతుల్లో ఇటు చివర నుంచి అటు చివరికి తిరిగింది. చెక్కల మీద మిగిలిన ఇసుక చిన్న ఇంజనంత బరువే ఉంది. ఎంత చెట్టుకు అంత గాలి. మేస్త్రి సుద్దగీత తుడిచేశాడు.

ఇంజను బిగించి, పరీక్షించి, తాళం అక్క చేతిలో పెట్టిన రోజు బావ ముభావంగానే కారెక్కాడు. వాళ్ళు వెళ్ళాక మేస్త్రి షెడ్డుకు వచ్చి పనిలో పడ్డాడే గానీ, చెవి రోడ్డు మీదే ఉంది. చాలాసేపటికి ఏదో చిన్న కారు చప్పుడైంది. ఎవరిదో అనుకొని తలెత్తలేదు. అది షెడ్డు ముందు ఆగాక చూస్తే, అక్క.

"కుట్టుమిషను పెట్టావు కదరా దీనికి," అన్నాడు బావ లోపల్నుంచే. మళ్ళీ తనే అడిగాడు. "ఆ పెద్ద రోడ్డు పక్కన చెరువుందట. తెలుసా నీకు?"

"ఎప్పట్నుంచో ఉంది బావా."

"ఇన్నేళ్ళు ఆ రోడ్డు మీదే తిరిగాను. ఇవాళ మీ అక్క మెల్లగా పోతూ చెబితే తెలిసింది. బాతులు కూడా ఉన్నాయట."

మేస్త్రి తలుపు తీసి చెయ్యి అందించాడు. బావ దిగలేదు.

"తలుపెయ్యరా. ఆ రోడ్డుకు రెండో వైపు ఏముందో చూసొస్తాం."