నాడి చూస్తున్నట్టు

మొన్న మా మనవరాలు నా చేతికి ఒక గడియారం కట్టింది. టైము చూసుకోవడానికి కాదట, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నానో నాకు తెలియకుండానే అదే లెక్కపెడుతుందట. ఓసి పిచ్చిదానా, ఆ దొంగవిద్య మేమెప్పుడో చేశాం కదే అని నవ్వుకున్నాను.

డెబ్బైల చివర్లో పుంగనూరు నుంచి వచ్చి, మదనపల్లెలో క్షయరోగుల ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్తలో మాట. ఆ జబ్బంటే జనం ఎంత హడలిపోయేవాళ్లో మన ఈడు వాళ్లకి చెప్పనక్కరలేదు. మా హెడ్ నర్సు మొదట నేర్పింది ఇదే: ఊపిరి లెక్కపెడుతున్నామని రోగికి తెలిస్తే ఊపిరి మారిపోతుంది, అందుకని నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, ఓరకంట ఎద కదలికను లెక్కపెట్టుకోవాలి. ఆ నటన నాకు బాగానే అబ్బింది. అబ్బనిది ధైర్యం. నా కళ్లముందే ఒక పసిబిడ్డ తల్లి పోయిన రోజు నుంచి సూది పట్టుకుంటే చేతులు వణికేవి, నెలలోగా కుదురుకోకపోతే ఇంటికి పంపేస్తానని హెడ్ నర్సు తేల్చి చెప్పింది. మా నాయన నన్ను పంపడమే గగనం, తిరిగి వెళితే మళ్లీ గడప దాటనిచ్చేవాడు కాదు.

బస్టాండు దగ్గర బుద్ధుడి ధ్యానం గురించి చిన్న పుస్తకం కొన్నాను. ఊపిరిని గమనించమని ఉంది, అంతే. గురువు లేని విద్య గుడ్డి విద్య అని ఊరికే అన్నారా! గమనించబోతే ఊపిరి బిగుసుకుపోయేది, తల తిరిగేది, చేతులు ఇంకాస్త వణికేవి.

మా వార్డులో కుప్పం నుంచి వచ్చిన ముసలాయన ఒకరుండేవారు. వయసులో రంగూను రేవులో మూటలు మోస్తూ, అక్కడ ఒక భిక్షువు దగ్గర ఈ ధ్యానమే నేర్చుకున్నారట. సగం ఊపిరితిత్తులతో బతికే ఆ మనిషి తెల్లవారుజామున వరండా మంచం మీద కూర్చుంటే, ఆ నెమ్మది చూసి మా డాక్టరు కూడా చెప్పుల చప్పుడు కాకుండా నడిచేవాడు. నేర్పమని ఎంత బతిమాలినా, మూటలు మోసినోడు గురువేంది పొమ్మని నవ్వేసేవారు. ఒకనాడు నేను మణికట్టు పట్టుకుని ఉండగా కళ్లు తెరవకుండానే అన్నారు:

“నాడి సూసేది అయిపోయింది గదా, ఇప్పుడు ఊపిరి లెక్కపెడతాండావు. నాకు తెలుసులేమ్మా. నా ఊపిరిని కదిలీకుండా ఎట్ల సూస్తాండావో, నీదీ అట్లే సూసుకో. ఇంగ నేను నేర్పేదేముండాది?”

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు నా మణికట్టు నేనే పట్టుకుని, నాడి చూస్తున్నట్టు నటిస్తూ, ఊపిరిని దాని మానాన పోనిచ్చాను. అది బిగుసుకోలేదు. అలా రోజూ కూర్చున్నాను. నెలాఖరున హెడ్ నర్సు పక్కన నిలబడి చూస్తుంటే, నా చేత సూది వేయించుకోవడానికి అందరూ జంకుతుంటే, ఆ పెద్దాయనే పిలిచి చొక్కా చేయి పైకి మడిచారు. ఒక్క ఊపిరి వచ్చి పోయేదాకా ఆగి వేశాను. సూది తిన్నగా దిగింది, నా ఉద్యోగం నిలిచింది.

ఆయన మళ్లీ కుప్పం వెళ్లలేదు. చివరి ఉదయం నేను మణికట్టు పట్టుకుంటే, ఆయన రెండు వేళ్లు మెల్లగా నా మణికట్టు మీదికి వచ్చాయి, నా నాడి చూస్తున్నట్టు. ఊపిరి నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆగిపోయింది. నా చేయి వణకలేదు. ఆ తర్వాత వరండాలోకి వెళ్లి కరువుతీరా ఏడ్చాను.

ఇప్పుడు ధ్యానం నేర్పేవాళ్లు ఫోనులోనే ఉన్నారు, ఎవరినీ బతిమాలే పని లేదు. గడియారం లెక్క కూడా తప్పదు, ఒప్పుకుంటాను. అయినా తెల్లవారి కూర్చునే ముందు దాన్ని విప్పి పక్కన పెట్టి, ఆ చోట నా రెండు వేళ్లు ఆనించుకుంటాను.