అరుగు కింది జాబులు

డానియేలు తాత రైల్వే మెయిల్‌లో జాబులు సార్టింగు చేసి రిటైరయ్యాడు. పట్నంలోని జహనుమాలో ఆయన ఇంటి మీది గదిలో నేను అద్దెకుంటున్నాను. కళ్లకు పొర కమ్మినప్పటి నుంచి ఆయనకు చేతిరాత కనబడదు. అందుకే పాత పోస్టాఫీసు కాగితాలు వెతకడానికి పోతూ నన్ను తోడు రమ్మన్నాడు.

ఆయన పుట్టిన చిలకలమడుగు ఎప్పుడో రిజర్వాయరులో మునిగిపోయింది. కొండ్రాయిపేట అనే ఊరికి దూరంగా, వాగు పక్కన ఉండే మాదిగల గూడెం అది. మునిగాక సగం మంది పట్నం వచ్చి పత్తర్‌గట్టిలో మూటలు మోశారు, మాదన్నపేట మార్కెట్‌లో కూరగాయల బస్తాలు దించారు. మిగిలినవాళ్లకు సర్కారు కట్టించిన కాలనీలో చిట్టచివరి గల్లీ దక్కింది. ఇప్పుడా కాలనీ ముందర మునిగిన ఊళ్ల పేర్లతో బోర్డు పెడుతున్నారు. అందులో చిలకలమడుగు లేదు. సర్కారు కాగితాల్లో ఎక్కడైనా ఉంటే తెమ్మనీ, లేకపోతే కొండ్రాయిపేటలో కలిసినట్టేననీ పంచాయతీ కార్యదర్శి అన్నాడట.

"రెవెన్యూ కాగితాలల్ల గూడెం పేరుండదు బిడ్డా. మా దాంట్ల ఉంటది" అన్నాడు తాత. "పోస్టుమ్యాన్ ఏయే పల్లెకు నడవాలెనో ప్రతి పోస్టాఫీసుకు ఒక బీటు జాబితా ఉంటుండె."

మూతబడిన పల్లె పోస్టాఫీసుల కాగితాలన్నీ పాతబస్తీలో ఒక పాత ఆఫీసు వెనక గదిలో పడేశారు. తలుపు తీయగానే ఉచ్చ కంపు కొట్టింది. కిటికీ అద్దం పగిలి పావురాలు లోపలే కాపురం పెట్టాయి. కట్టల మీద వాటి రెట్ట గట్టిపడి సున్నం పూసినట్టుంది. ఎవరో మూలనున్న కట్ట మీద పాన్ ఉమ్మి ఉమ్మి దాన్ని ఎర్రగా చేశారు. ఒక కట్ట విప్పితే మధ్యలో ఎండిపోయిన ఎలుక పిల్ల.

"గిట్ల పాడువెట్టిండ్రేంది" అన్నాడు తాత. ముక్కు మూసుకోలేదు.

గుమస్తా వంశీధర్ గుమ్మంలో కుర్చీ వేసుకుని టిఫిన్ తింటున్నాడు. "వచ్చే వారం పాత కాగితాలు కొనే రద్దీవాడొచ్చి ఎత్తుకుపోతాడండీ. ఏం కావాలన్నా ఇప్పుడే చూసేసుకోండి" అని, పక్కనున్న కట్టలోంచి ఒక కాగితం లాగి, పచ్చడి వేళ్లు తుడుచుకుని ఉండ చుట్టి గదిలోకే విసిరాడు.

కొండ్రాయిపేట కట్ట దొరికేసరికి మధ్యాహ్నమైంది. బీటు జాబితాలో పల్లెల పేర్లు వరుసగా ఉన్నాయి. చిలకలమడుగు లేదు. అన్నిటికన్నా కింద, వేరే సిరాతో ఒక వరుస ఉంది. చదవబోయి ఆగిపోయాను.

"ఏం రాసిండ్రు? సదువు."

"ఊరవతల. ఇండ్లు ఉన్నవి. తపాలా నౌకరు పోనక్కరలేదు. జాబులు అరుగు కింద వేయవలెను."

తాత మెల్లగా చెప్పాడు. కొండ్రాయిపేట పోస్టాఫీసు దొర ఇంటి అరుగు మీదే ఉండేది. పోస్టుమాస్టరు దొర తమ్ముడే. తాత వాళ్ల నాయన బొంబాయిలో మట్టిపనికి పోయి జాబు రాస్తే, దాన్ని ముందు అరుగు మీద కూర్చున్నవాళ్లు విప్పి, చదివి, నవ్వుకునేవాళ్లు. తరువాత కిందికి విసిరేవాళ్లు. అరుగు కింద బర్రెలు కట్టేసేవాళ్లు.

"మా అమ్మ పెండల నుంచి ఏరుకొని, కొంగుకు తుడ్సుకొని తెస్తుండె. గదంత దొర బలుపు అనుకున్న ఇన్నొద్దులు. కాగితం మీద రూలు రాసుకున్నరని తెల్వదు." వాకిట్లోకి పోయి ఉమ్మి వచ్చాడు. "ఆ డిపార్ట్‌మెంటు బువ్వనే తిన్న గద నేను."

వంశీధర్ వంగి కాగితం చూశాడు. "ఇంకేమండీ, ఇళ్లున్నాయని రాసుంది కదా. జిరాక్సు తీసుకోండి, స్టాంపు వేసిస్తాను."

"బోర్డు మీద ఏం రాస్తరు సారూ? ఊరవతల అనా?"

"పేరుదేముందండీ. మీకు ప్రూఫ్ కావాలి, దొరికింది."

"గా ప్రూఫ్ మీ రద్దీకే ఇయ్యుండ్రి" అని తాత నా చేయి పట్టుకుని బయటికి నడిచాడు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక చిలకలమడుగు వాళ్లందరినీ కూర్చోబెట్టి తలా కొన్ని పోస్టుకార్డులు ఇచ్చాడు. కాలనీలోని చుట్టాలకు వారం వారం రాయమన్నాడు.

మాదన్నపేటలో కూరగాయలమ్మే కళావతి నవ్వింది. "ఫోన్ల రోజు మాట్లాడ్తనే ఉంటి. మళ్ల జాబేంది మామా? నీకు తెలివి గిట్ల తప్పిందా?"

"ఫోన్ ఊరు పేరు అడగది పిల్లా. జాబు అడుగుతది. ఒక పేరు మీద జాబులు రాంగ రాంగ అది పోస్టుమ్యాన్ నోట్ల పడ్తది. ఎన్ని పేర్లు గట్ల పుట్టినయో సార్టింగుల కూసోని చూసిన."

"ఏం రాయాలె మరి?"

"నీ మొగని మీద చాడీలు రాయి. పైన మాత్రం చిలకలమడుగు గల్లీ అని రాయి. బోర్డు ఎక్కకపోతే పాయె, జాబెక్కుతది."

వానాకాలమంతా రాశారు. అయినా కాలనీలో ఉండే ఆయన మేనకోడలు స్వరూప, ఒక్క కార్డూ ఇంటికి రాలేదని ఫోన్‌లో చెప్పింది. ఇద్దరం బస్సెక్కి పోయాం.

జాబులు కాలనీ మొదట్లో, ఎల్లేష్ కిరాణా దుకాణం మెట్ల కింద దొరికాయి. రబ్బరు బ్యాండు వేసిన కట్టలు తడిసి ఉబ్బిపోయాయి. పైన కోడి రెట్ట. కళావతి చాడీల సిరా కారి నీలం మరకైంది. పాతబస్తీ గదిలో కొట్టిన కంపే ఇక్కడా కొట్టింది.

"పోస్టాయన లోపలికి పోడు తాతా. ఆ గల్లీ గబ్బంటడు. మీవాళ్లే ఏరుకుంటరని ఈడ పడేస్తడు" అన్నాడు ఎల్లేష్.

స్వరూప వంగి తీయబోయింది. "ముట్టుకోకు" అన్నాడు తాత. దుకాణం ముందున్న డబ్బా మీద కూర్చున్నాడు.

పోస్టుమ్యాన్ మధ్యాహ్నం వచ్చాడు. అభిషేక్ అని కుర్రవాడు. బండి దిగకుండానే కొత్త కట్ట మెట్ల మీదికి విసిరాడు. తాత లేచి బండి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"నేను గూడ మీ డిపార్ట్‌మెంటే కొడుకా. గా కట్టలు తీస్కో. ఇంటింటికి ఇద్దాం పా."

"గబ్బు కొడ్తది అంకుల్ ఆ గల్లీ."

"గా గబ్బు మాది గాదు. పై గల్లీల మోరీలన్ని మా దిక్కు తిప్పిండ్రు. ముక్కు మూసుకుంటె మూసుకో. నోరు మాత్రం తెర్వు."

చిన్నప్పటి అరుగు సంగతి ఆయన ఆ కుర్రవాడికి చెప్పలేదు. హ్యాండిల్ మాత్రం వదల్లేదు. దుకాణం దగ్గర జనం పోగవుతున్నారు. అభిషేక్ బండి దిగి, తడిసిన కట్టలను రెండు వేళ్లతో పైకి తీసి, ముక్కుకు రుమాలు కట్టుకుని ముందు నడిచాడు. గల్లీ నడుమ మోరీ నల్లగా పొంగుతోంది. దాని పక్కనే పిల్లలు అన్నం తింటున్నారు. మొదటి గుమ్మం ముందు ఆగి కార్డు తిప్పి చూసి, రుమాలు లోపలి నుంచే ఏదో గొణిగాడు.

"వినవడ్త లేదు" అన్నాడు తాత. "రుమాలు తీసి పిలువు. ముందుగాల ఊరి పేరు."

అభిషేక్ రుమాలు కిందికి లాగాడు. ముఖం వికారంగా ముడుచుకుంది.

"చిలకలమడుగు గల్లీ, స్వరూప."

"ఆఁ, మేమే" అంది స్వరూప.

"ఇగ పక్కిల్లు" అన్నాడు తాత.