దుప్పట్ల గది దాకా బ్రూజ్

షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లోని ఒక వృద్ధాశ్రమంలో చంద్రిక కేర్‌గివర్‌గా పనిచేస్తోంది. భర్త జితేందర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా మీద ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్న చంద్రిక, పనిచేసే వీలు దొరకగానే నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు చేసి ఇందులో చేరింది. ముసలివాళ్లతో ఆమెకు ఓపిక ఎక్కువ. ఊరికే భయపడే స్వభావం కాదు.

గోదెలీవ్ అనే తొంభై దాటిన ఆవిడను ఆమెకు అప్పగించారు. బెల్జియంలో డచ్ మాట్లాడే ప్రాంతం ఫ్లాండర్స్. అక్కడి బ్రూజ్ నగరంలో పుట్టి, పెళ్లయ్యాక అమెరికా వచ్చింది. మతిమరుపు ముదిరాక ఇంగ్లిష్ మొత్తం పోయి, చిన్ననాటి ఫ్లెమిష్ అనే డచ్ యాస ఒక్కటే మిగిలింది.

మధ్యాహ్నం భోజనం కాగానే ఆవిడ చంద్రిక చెయ్యి పట్టుకుని కారిడార్‌లో బయల్దేరేది. డైనింగ్ హాల్ గుమ్మం దగ్గర తల వెనక్కి వాల్చి, ఏదో ఎత్తైనదాన్ని చూస్తున్నట్టు సీలింగ్ వైపు చూసేది. నర్సుల బల్ల దాటేటప్పుడు ముక్కు మూసుకునేది. వాటర్ కూలర్ దగ్గర గౌను అంచు ఎత్తిపట్టి, లేని మెట్లు ఎక్కి దిగేది. దారిలో ఆవిడ అనే ఒక్కో మాటకూ చంద్రిక ఫోన్‌లో అర్థం వెతుక్కుంది. లింక్స్ అంటే ఎడమ, బ్రుఖ్ అంటే వంతెన. ఇంటికెళ్లి బ్రూజ్ ఫొటోలు, మ్యాపులు చూస్తే గంటల గోపురం ఉన్న అంగడి, చేపల బజారు, కాలువ మీద వంతెన అన్నీ అదే వరసలో ఉన్నాయి. ఒకప్పుడు ఇంగ్లండు ఉన్ని ఓడల్లో దిగిన రేవు అది. సముద్రపు పాయ పూడిపోయి వర్తకులు వెళ్లిపోయాక, ఆ పాత ఇళ్లు అలాగే ఉండిపోయాయట. జితేందర్‌కి చెబితే, టికెట్ లేకుండా యూరప్ తిరుగుతున్నావని నవ్వాడు.

నడక ఎప్పుడూ దుప్పట్లు, తువ్వాళ్లు పెట్టే గది దగ్గర ముగిసేది. గోదెలీవ్ తలుపు తట్టి, చెవి ఆనించి విని, ఆమె ఇంట్లో లేదు, రేపొద్దాం అని వెనక్కి తిరిగేది.

ఫిబ్రవరిలో ఒకరోజు, బయట మంచు కురుస్తుండగా, అలాగే తట్టింది. విని, నవ్వింది. ఉందన్నట్టు తలూపింది.

లోపల చెక్క పుల్లలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు, ఆగి ఆగి వస్తోంది. చంద్రికకూ వినిపించింది. స్టాఫ్ ఎవరో ఉన్నారనుకుని తలుపు తీసింది. చప్పుడు ఆగిపోయింది. అరల్లో దుప్పట్లు తప్ప ఎవరూ లేరు. కాలువ గట్టున తడిసిన రాయి వాసన వేసింది.

గోదెలీవ్ అక్కడ బోర్లించి ఉన్న బట్టల బుట్ట మీద కూర్చుని, మూల వైపు తిరిగి చాలాసేపు కబుర్లు చెప్పింది. మధ్యమధ్య ఆగి, అటునుంచి మాట విని, మళ్లీ అందుకునేది. చివరికి చంద్రిక వైపు చూసింది.

"నువ్వెవరని అడుగుతోంది."

ఆ ఫ్లెమిష్ మాటలు వెతుక్కోకుండానే అర్థమయ్యాయి. పెద్దావిడ జవాబు కోసం చూస్తోంది. మాట కాదనలేక, చంద్రిక ఆ ఖాళీ మూలకి చెప్పింది.

"చంద్రిక."

ఆ వారంలోనే గోదెలీవ్ నిద్రలో పోయింది. సామాను తీసుకెళ్లడానికి వచ్చిన కొడుకు లూక్‌ని, మీ అమ్మ బ్రూజ్‌లో ఎవరింటికి వెళ్లేవారని చంద్రిక అడిగింది. లేసు అల్లడం నేర్పిన ఒంటరి మనిషి ఒకావిడ ఉండేదట. అమ్మ అమెరికా వచ్చిన ఏడాదే ఆవిడ చనిపోయిందని, చివరిచూపు దక్కలేదని అమ్మ బాధపడేదని చెప్పాడు. ఆ లేసు ఎలా అల్లుతారో ఫోన్‌లో వీడియో పెట్టాడు. దిండు మీద సన్నటి చెక్క కండెలు ఒకదానికొకటి తగులుతూ దొర్లుతున్నాయి. చంద్రిక సౌండ్ ఆపమంది.

వేసవిలో జితేందర్ యూరప్ ట్రిప్ ప్లాన్ చేసి, బ్రూజ్‌లో హోటల్ బుక్ చేశాడు. చంద్రిక వద్దంది.

"నువ్వే గదా ఇన్ని నెలల సంది ఆ ఊరి ముచ్చట చెప్పినవ్? ఇప్పుడు క్యాన్సిల్ చేయమంటవేంది?"

"అక్కడ మనకెవరూ తెలీదండీ. ఏ సందులోంచో నన్ను పేరు పెట్టి పిలిస్తే, పలకాలా వద్దా?"

జితేందర్ ఆమె మొహం చూసి హోటల్ రద్దు చేశాడు. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ చూసి వచ్చేశారు. చంద్రిక ఇప్పటికీ ఆ ఆశ్రమంలోనే ఉంది, డ్యూటీ పై అంతస్తుకి మార్పించుకుని.