నలుపంటని గోళ్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, పలాసలో ఓ నాలుగు వాటాల మేడ మెట్ల మీద, ఇల్లు కొనడానికొచ్చిన నూకాలమ్మ, అక్కడ అద్దెకుంటున్న అమ్మాయి చేయి పట్టుకుని వెలుతురుకు తిప్పింది. బేరం అక్కడే ఆగిపోయింది.

"జీడి పిక్కలు కొడతానన్నావు. మరి గోళ్ల సందున జీడి సొన నలుపేదే?"

ఆ అమ్మాయి ఓనరు వైపు చూసింది. "గ్లౌజులేసుకుంటారప్పా" అన్నాడాయన.

"నాను గుంటనడిగాను బావూ, నిన్ను కాదు."

"కొట్టడం మానీసి పొట్టు తీత్తన్నాను పిన్నీ" అంది అమ్మాయి.

నేను చాలాకాలం పత్రికకు వార్తలు రాసి, తర్వాత ఇళ్ల మధ్యవర్తినయ్యాను. ఆ మేడ ఆమెకు చూపించింది నేనే. నూకాలమ్మది ఉద్దానం. భర్త లేడు. తుపాను మిగిల్చిన కొబ్బరి తోట అమ్మేసింది. ఊరు మారి ఓ ఇల్లు కొని, కింద తానుండి, పై వాటాల అద్దెతో బతకాలని ఆమె ఆలోచన. ఇల్లు తప్పు కొంటే మళ్లీ అమ్ముకోవడానికి తోట లేదు.

ఆమె ముందు రెండూళ్లున్నాయి. టెక్కలిలో కాలేజీలు, ఆఫీసులు. సెలవులొస్తే గదులు ఖాళీ. పలాసలో జీడి పనివాళ్లు ఏడాది పొడవునా ఉంటారు. అందుకే పలాసే మేలన్నాను. ఈసీ తీయించాను, ఆస్తి మీద తాకట్టుంటే అందులో తేలుతుంది. ఏమీ లేదు. నాలుగు రెంటల్ అగ్రిమెంట్లు, అంటే అద్దె ఒప్పందాలు, సక్రమంగా ఉన్నాయి. గుమ్మాల ముందు చెప్పులు, తీగ మీద బట్టలు. అంతకు మించి చూడాలని నాకు తోచలేదు.

తిరుగు ఆటోలో, "పొట్టు తీసేవాళ్లకి నలుపంటదు. నిజమే చెప్పిందేమో" అన్నాను.

"అవ్వొచ్చు. మరి ఆ మాట ముందే సెప్పాలి గదా? ఏ ఫ్యాక్టరీ అంటే ఆ ఓనరే సెప్పాడు, ఎన్నాళ్లయిందంటే ఆడే సెప్పాడు. కాపరముంటన్నది ఆడా, అదా? వాటాలు నిండున్నట్టు సూపడానికి మనుసుల్ని తెచ్చి నిలబెట్టాడేమో. కమీషను పోయిందని నీకు బెంగేటి?"

ఆమె టెక్కలిలో రెండు వాటాల పాత ఇల్లు కొంది. తొలి వేసవిలో పై వాటా ఖాళీగా పడి ఉంది. అప్పుడు ఫోన్ చేసి, "ఆ గుంట నిజంగాని సెప్పిందేటి బావూ?" అని అడిగింది.

అప్పటి నుంచి ప్రతి ఇల్లూ ఓనరుతో ఒకసారి, చెప్పకుండా ఒకసారి చూస్తున్నాను. అద్దెదారుణ్ణి అడిగిన ప్రశ్నకు ఎవరు బదులిస్తున్నారో గమనిస్తున్నాను.

మొన్న మధ్యాహ్నం ఆ మేడ వైపు వెళ్లాను. నాలుగు వాటాలకూ తాళాలు. ఖాళీ చేశారో, పనికి వెళ్లారో చెప్పేవాళ్లు లేరు. గుమ్మాల ముందు చెప్పులు లేవు. తీగ మీద మాత్రం ఒక తడి చీర ఉంది.